నిలబడినా పోని ఒడి

ఈ ఉదయం నేను లేచి నిలబడతాను, నా ఒడి మాత్రం లేవదు.

మామూలుగా కూర్చున్న మనిషి నిలబడగానే ఒడి ఎటో పోతుంది. ఎటు పోతుందో నేను ఎప్పుడూ అడగలేదు, పనుల్లో పడి తీరిక చిక్కలేదు. ఈ వేళ అది ఎటూ పోకుండా నా నడుముకి ముందు చిన్న అరుగులా నిలిచి ఉంది. దాని మీద నా కూతురు పైడమ్మ నిద్రపోతోంది. దానికి మూడేళ్ళు. నుదుటి మీద చాదుబొట్టు పక్కకి జారింది, ఒక కాలి పట్టీ ఊడిపోయి నా చీర కుచ్చిళ్ళలో చిక్కుకుంది.

పైడమ్మ వంటింట్లోంచి టీ గ్లాసు పట్టుకుని వస్తుంది. ఈ పైడమ్మ ఇద్దరు పిల్లల తల్లి. గోనెసంచుల మిల్లులో షిఫ్టు దిగి ఇప్పుడే వచ్చింది, జుట్టు నిండా నార పోగులు. నా ఒడిలోకి తొంగి చూసి తనను తాను గుర్తు పడుతుంది.

"లేపకమ్మా," అంటుంది. "నాకున్న నిద్దరంతా అదే. మిల్లులో సేరిన కాడ నుంచి నాకు కన్ను మూత పడనేదు. నా నిద్దర ఎక్కడికి పోనాదా అనుకుంతన్నాను. ఇక్కడున్నాది."

"ఇది లేస్తే?"

"లేస్తే ఊరుకుంతాదేటి? దిగిపోయి ఆటకి ఎల్లిపోతాది. ఇంక నాకు నిద్దర నేదు."

న్యాయంగానే ఉంది. లేపనని మాట ఇస్తాను. చిక్కల్లా ఒకటే, నేను పోటీకి పేరిచ్చి ఉన్నాను.

టౌన్‌హాల్లో ఒళ్ళు చూపించే పోటీ జరుగుతుంది. కండలున్నవాళ్ళు వేదిక మీద నిలబడతారు, జడ్జీలు చూసి మార్కులు వేస్తారు. నా ఒంటిని ఇన్నేళ్ళూ అందరూ వాడుకున్నారు గాని ఒక్కరూ చూడలేదు. నీళ్ళు మోసిన భుజాలున్నాయి, తిరగలి తిప్పిన ముంజేతులున్నాయి. గాలివానలో పడిపోబోయిన పాకని ఆపిన వీపుంది. ఆ వీపుని నేను కూడా చూడలేదు. అదెలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. వీలైతే కప్పు కూడా గెలవాలని ఉంది, ఎందుకు లేదంటాను.

మొదటిసారి పోటీకి దిగేవాళ్ళు ఒక ట్రైనర్ని కుదుర్చుకోవాలట.

"నన్ను లేపకుండా నిన్ను నిలబెట్టేవోణ్ణి సూసుకో," అంటుంది పైడమ్మ, తన చెంప మీది ఈగను తానే తోలుతూ.

*

ముందు మార్కెట్టు మేడ మీది జిమ్ముకి వెళ్తాను. నేను మెట్లు ఎక్కేకొద్దీ మేడ ఇంకాస్త పైకి జరుగుతుంది. కాళ్ళకి అది మొదటి పాఠమట. ట్రైనరు పేరు హేమంత్. మర్యాదస్తుడు. అతను ఇనుము ఎత్తి దించేసిన తర్వాత కూడా అతని నీడ ఇంకొక్కసారి ఎత్తుతుంది.

"బాడీ ఎప్పటికి రెడీ అవ్వాలి మామ్మగారూ?" అని గట్టిగా అడుగుతాడు.

"కార్తీకంలో రెండో ఆదివారం పొద్దున్నకి, బాబూ."

మెట్ల కింద జామకాయలు బేరమాడుతున్న మా వీధి సూరమ్మ ఈ మాట వింటుంది. కాయలు అక్కడే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోతుంది.

"ముందు ఒళ్ళు పెంచే బల్కింగ్, తర్వాత తగ్గించే కటింగ్," అంటాడు హేమంత్. "మీకు బల్క్ అక్కర్లేదు. కటింగ్‌లో మొదట పోయేది ఈ ఒడి."

నాకు తెలిసిన కటింగ్ మంగలి చేసేదే. మా ఆయన అరుగు మీద పీట వేసుకుని కూర్చునేవాడు, మంగలి అప్పన్న రాజుల కాలం కబుర్లు చెప్తూ ఒక పక్క ఎక్కువ తీసేసేవాడు. మళ్ళీ నెలకి సమంగా పెరిగేది.

"ఇదీ పెరుగుతుందా బాబూ?"

"పెరగదండీ. పెరిగితే మా జిమ్ము పేరు పోతుంది."

గోడ నిండా అద్దం ఉంది. అందులో నేను నిటారుగా, పొట్ట లోపలికి పోయి నిలబడి ఉన్నాను. ఒడి లేదు. పిల్ల లేదు. తమ అద్దం పనిలో కాస్త ముందుంటుందని హేమంత్ చెప్తాడు. అందులో నేను చాలా బాగున్నాను. అబద్ధమెందుకు, చాలాసేపు చూస్తాను. తర్వాత, తీసేసిన పిల్లను ఎక్కడ పెట్టారోనని అద్దం వెనక్కి వెళ్ళి వెతుకుతాను. అక్కడ తువ్వాళ్ళు మడిచి పెట్టి ఉన్నాయి. ఒక తువ్వాలు ఇంకా వెచ్చగా ఉంది.

"మళ్ళీ కనబడతాలే నాయనా," అని చెప్పి దిగిపోతాను. దిగేటప్పుడు మెట్లు తక్కువే ఉన్నాయి.

*

దాలమ్మ నీళ్ళ ట్రైనరు. డాబా మీద ఉంటుంది. డాబా అంతా బిందెలు, ఒక్కొక్క దాని మీద సుద్దతో ఒక పేరు. పోటీకి వెళ్ళినవాళ్ళ ఒంట్లో నీళ్ళు అవి. మూతల కింద ఎవరి గొంతుతో వాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నాయి. ఒక బిందె టీ అడుగుతోంది.

"నీరు తీసీవాల మామ్మా," అంటుంది దాలమ్మ. "నీరు పోతేనే కండ పైకి తేల్తాది. కూకో, కొంచెం తీసి సూపిస్తాను."

నా మోచెయ్యి మడత దగ్గర ఎక్కడో నొక్కుతుంది. నీళ్ళు వస్తాయి. నొప్పి లేదు. మొదటి బిందెలోకి నా పెళ్ళినాటి వాన వస్తుంది, పందిరి తాటాకుల వాసనతో సహా. రెండో బిందెలోకి, పురిటి నొప్పుల్లో మా అత్తగారు ఎవరికీ తెలియకుండా తాగించిన గంజి వస్తుంది. ఆవిడ పైకి గయ్యాళి. ఆ గంజి సంగతి నేనూ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు బిందెలో అందరికీ వినబడుతోంది. మూడోది నిండుతుంది, నాలుగోది నిండుతుంది.

"నీకేటి మామ్మా ఇంత గ్నాపకం? నా కాడ బిందెలు సాలవు."

"పక్కింట్లో అడిగి తేరాదా?"

అంతలో ఒడిలో పిల్ల నాలుకతో పెదవులు తడుపుకుంటుంది. కళ్ళు తెరవకుండానే "దాహం" అంటుంది. రెప్పలు అదురుతాయి.

"ఆపీ దాలమ్మా."

"సగంలో ఆపితే కండ సగమే తేల్తాది. మరి నీ ఇష్టం."

"తేలినంతే తేలనీ."

కుళాయి కట్టినట్టు కట్టేస్తుంది. బిందెల్లోది అంతా మళ్ళీ తాగేస్తాను. పిల్ల గుటక వేసి, చెంప కింద చెయ్యి పెట్టుకుని సర్దుకుంటుంది. ఒక బిందె తారుమారైనట్టుంది. నేను జన్మలో దిగని ఒక రైలు స్టేషను, అక్కడ మిరపకాయ బజ్జీలు అమ్మే మెల్లకన్ను మనిషి, ఇప్పుడు నాకు బాగా గుర్తున్నాయి.

*

పాతకాలపు కసరత్తు శాల, తాలింఖానా, ఊరి చివర ఉంది. అక్కడ నేర్పేది తవిటినాయుడు. అతనికి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, అతను పుట్టగానే వాళ్ళమ్మ అతన్ని చేటెడు తవుడుకి పొరుగావిడకి అమ్మింది. మా వైపు అలా చేస్తారు, చావు కన్ను పడకుండా. కొన్నాళ్ళకి మళ్ళీ తవుడిచ్చి బిడ్డను వెనక్కి కొనుక్కోవాలి. ఆ తల్లి సంసారం గొడవల్లో మర్చిపోయింది. అందువల్ల అతనిప్పటికీ తవుడంత బరువే ఉంటాడు. గాలికి పోకుండా నడుముకి ఒక గద కట్టుకుంటాడు.

నన్ను చూడగానే గొంతు తగ్గిస్తాడు. అతనితో పాటు ఎర్రమట్టిలో కసరత్తు చేస్తున్నవాళ్ళందరూ తగ్గిస్తారు. కిందపడిన ఇనుము దూదిలా చప్పుడు లేకుండా పడుతుంది.

"తల ఏ పక్కనుంది మామ్మా?"

"ఎడం పక్క."

"అయితే కుడి భుజానికి ఎక్కువ పని సెప్తాను."

"నేను గెలుస్తానా?"

అతను నడుముకి గద ముడి బిగించుకుంటాడు. "నా కాడ సేరినోళ్ళు ఒక్కలూ గెలవనేదు. అందరూ ఆకరునే వొస్తారు. ఏదీ తియ్యడం నాకు రాదు మామ్మా. పెట్టడమే వొచ్చు."

హేమంత్ అద్దంలో నేనెంత బాగున్నానో గుర్తొస్తుంది. ఒడిలోకి చూస్తాను. నోరు కాస్త తెరుచుకుని ఉంది, లోపల పాలపళ్ళు బియ్యపు గింజల్లా ఉన్నాయి. అయినా కప్పు మీద నా ఆశ చావలేదు. ఆఖరున వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు మొదట రాకూడదని ఏముంది. తాంబూలం ఇచ్చి అతన్నే కుదుర్చుకుంటాను.

తవిటినాయుడు బరువులు ఎత్తించడు. నా మీద పెట్టి వెళ్ళిపోతాడు. ముందు ఇనప బిళ్ళలు, తర్వాత నులకమంచం, తర్వాత పనిలేకుండా ఉన్న ఇద్దరు వస్తాదులు. శనివారం నాడు ఒక గురువారాన్ని తెచ్చి నా కుడి భుజం మీద పెడతాడు. చూడటానికి తేలిగ్గానే ఉంటుంది, మధ్యాహ్నం ఉన్న చోట మాత్రం చాలా బరువు.

"కదలకుండా మొయ్యి మామ్మా. కండ అందులోనే ఉన్నాది."

షిఫ్టు మధ్యలో పైడమ్మ పరిగెత్తుకుంటూ వస్తుంది. కళ్ళు జ్యోతుల్లా ఎర్రగా ఉంటాయి.

"నిద్దరోతన్నానా?"

"పోతన్నావు."

"గురక?"

"సన్నంగా."

ఆ మాట పట్టుకుని మళ్ళీ మిల్లుకి వెళ్తుంది.

*

ఆదివారం పొద్దున్న వీధి వీధంతా మా గుమ్మంలో ఉంది. బంతిపూల దండలు, వెదురు పాడె, డప్పులు. సూరమ్మ ముందు నిలబడి ముక్కు చీదుతోంది.

మా వీధిలో బాడీ అంటే ఒకటే అర్థం. ఆసుపత్రి నుంచి వచ్చేది, పదకొండింటికి తీసేది.

"బాడీ ఎక్కడమ్మా?" అని పాడె కట్టినతను అడుగుతాడు.

"నేనే బాబూ."

"అంత నిబ్బరంగా సెప్తన్నావేటొదినా," అంటుంది సూరమ్మ. "మేము తెల్లారిన కాడ నుంచి ఏడుస్తన్నాం."

"ఇది పోటీ బాడీ, సూరమ్మా. పోయిన బాడీ కాదు."

"ఏ బాడీ అయితేనేటి, దండలు తెచ్చీసినాం. మళ్ళీ పట్టుకెల్లమంటావేటి?"

డప్పు అతను పుల్ల ఎత్తుతాడు. తవిటినాయుడు గాలిలో తేలి వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంటాడు. "పిల్ల లేస్తాది."

"డప్పు నేకుండా బాడీని తియ్యడం మా ఇంటా వంటా నేదు నాయుడూ."

ఇద్దరి మాటా ధర్మమే. చివరికి పైడమ్మ మిల్లు నుంచి తెచ్చిన కొత్త గోనె డప్పు మీద కప్పుతుంది. దాని మీద కొడతారు. ఎవరో బిడ్డ వీపు మీద తట్టుతున్నట్టు ఉంటుంది.

నేను పాడె మీద కూర్చుంటాను. నడిస్తే కుదుపు ఉంటుంది గాని నలుగురూ ఒకే అడుగు వేసి మోస్తుంటే ఏ కుదుపూ లేదు. దండలు వేసుకుని, దారి పొడుగునా దణ్ణాలు అందుకుంటూ టౌన్‌హాలుకి చేరతాను. ఇంత సుఖంగా నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

*

వేదిక మీదకి వెళ్ళేవాళ్ళందరికీ నల్లటి రంగు పూస్తున్నారు, కండలు కనబడటానికి. నేను ముందే ఆ రంగులో ఉన్నాను కాబట్టి నా వంతు రంగు గోడకి పూస్తారు. దీపాల్లోకి వెళ్ళి నిలబడతాను.

"ఆ ముందుకొచ్చింది ఏమిటండీ?" అని పెద్ద జడ్జి అడుగుతాడు. "వేదిక మీద ఒళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు."

"ఇది నా ఒళ్ళే బాబూ."

"ఒళ్ళా, ఒడా?"

"పిల్ల ఎక్కడ పడుకుంది అంటే ఏమంటారు బాబూ మీ ఇంట్లో?"

"ఒళ్ళో పడుకుంది అంటాం."

"అదే."

జడ్జీలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడతారు. ఒప్పుకుంటారు. వెనక్కి తిరగమంటారు. మెల్లగా, నిద్ర చెదరకుండా తిరుగుతాను.

"ఎలా ఉందండీ?" అని గోడని చూస్తూ అడుగుతాను.

"మీ వీపుకి ఒక పాక ఆని ఉంది," అంటాడు పెద్ద జడ్జి, ఇంతసేపటికి గొంతు తగ్గించి. "లోపల ఎవరో వంట చేసుకుంటున్నారు."

"గాలివానకి పట్టుకున్నాను. తర్వాత వదలమని ఎవరూ చెప్పలేదు."

వాళ్ళు మార్కులు వేస్తున్న చప్పుడు వినబడుతుంది. చాలా వేస్తారు. మళ్ళీ ముందుకి తిరిగేసరికి నేనే అందరికంటే పైన ఉన్నాను. బల్ల మీద కప్పు ఉంది, దాంట్లో నా ముఖం సన్నగా, పొడుగ్గా కనబడుతోంది.

"చివరి పోజు," అంటాడు. "ముందుకి వంగి, రెండు పిడికిళ్ళూ పొట్ట దగ్గరికి లాగి, ఒళ్ళంతా బిగించాలి. అది చేస్తేనే బహుమతి."

బిగిస్తే ఒడి ముడుచుకుంటుంది. మూడో వరసలో సూరమ్మ పక్కన పైడమ్మ కూర్చుని ఉంది. తనని తాను చూసుకుంటోంది, ఊరు వెళ్ళే బస్సుని చూసినట్టు. తవిటినాయుడు గుమ్మం దగ్గర గద పట్టుకుని నేల చూస్తున్నాడు.

నేను బిగించను. చేతులు ఒడి చుట్టూ పెట్టుకుని నిలబడతాను.

"ఇది పోజు కాదండీ," అంటాడు జడ్జి.

"కాదు బాబూ."

అతను ఎదురు చూస్తాడు. నేను నిలబడతాను. మూడో వరసలో పైడమ్మ రెప్పలు బరువెక్కుతాయి. ఒకసారి తల ఎత్తి, ఎవరో పిలిచినట్టు అటూ ఇటూ చూసి, సూరమ్మ భుజం మీదకి ఒరిగిపోతుంది. నార పోగులు సూరమ్మ జాకెట్టుకి అంటుకుంటాయి. పెద్ద పైడమ్మ, చిన్న పైడమ్మ ఒకే ఊపిరి తీస్తున్నారు. మిల్లులో చేరిన తర్వాత ఇదే మొదటిసారి.

తర్వాత సూరమ్మ ఒరుగుతుంది. పాడె మోసినవాళ్ళు ఒకరి మీద ఒకరు ఒరుగుతారు. జడ్జి మార్కుల కాగితం మీద చెంప ఆనిస్తాడు. మెలకువగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

అప్పుడు హాలు స్తంభాలు మధ్యలో మోకాళ్ళలా వంగుతాయి. హాలు మెల్లగా, ఏదీ ఒలకకుండా కూర్చుంటుంది. కిటికీల బయట ఊరు ఒక్క నిలువు పైకి వెళ్తుంది. హాలు పైకప్పుకి పైన, మమ్మల్నందర్నీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పెద్దావిడ ఊపిరి ఆపుకుంటోంది. ఆవిడ కాలు తిమ్మిరెక్కింది, చాపుకోవాలని ఉంది, చాపుకోదు. పైకప్పు మీద వాలిన ఈగను తోలడానికి చెయ్యి మాత్రం ఎత్తుతుంది. ఈగ నీడ జడ్జీల మీదుగా, పైడమ్మ మీదుగా, నా మీదుగా సాగిపోతుంది. అది పూర్తిగా దాటడానికి చాలాసేపు పడుతుంది.