లచ్చయ్యను రెండుసార్లు తీసేశారు

తేనె సంఘంలో మూడువందల నలభైమంది సభ్యులు. ఎవరు ఏ గుట్ట మీద పట్టు తీశారో, ఏ డబ్బాలో ఎవరి తేనె ఉందో, అంతా నాగలత చూసే ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండేది. వానాకాలంలో అది తడిసి రెండు రోజులు తెరుచుకోలేదు. నాగలత దాన్ని ఒళ్లో పెట్టుకుని జూలూరుపాడు నుంచి ఖమ్మం దాకా బస్సులో తిరిగింది. ఆ తర్వాత వివరాలన్నీ క్లౌడ్‌లో పెట్టాలని, వాటి బాగోగులు కూడా ఆ కంపెనీయే చూసుకోవాలని సంఘం తీర్మానించింది.

చివరికి రెండు కంపెనీలు మిగిలాయి. ఒకటి పెద్దది, మహా వేగం. రెండోది చిన్నది, కాస్త నిదానం. నాగలత రెండుచోట్లా నకలు పెట్టి, కమిటీకి గంటసేపు తేడాలు వివరించింది. అధ్యక్షురాలు జంపక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"పోతే ఎవరు తెస్తరు?"

ఇద్దరూ తెస్తామనే అంటున్నారని నాగలత చెప్పింది. అయితే ఒక మనిషిని తీసేసి చూడమంది జంపక్క. ఖాళీ డబ్బా కోసం వచ్చిన లచ్చయ్య ఎదురుగా కూర్చునున్నాడు. సగం అర్థమై సరేనన్నాడు.

ముందు పెద్ద కంపెనీ నకలులో నాగలత ఆయన పేరు తీసేసింది. ఫోన్ చేస్తే రికార్డు గొంతు ఎనిమిది నొక్కమంది, తర్వాత రెండు నొక్కమంది. లచ్చయ్య అన్నం ముట్టలేదు. "నేను లేనని ఇంటికాడ ఏమని చెప్పాలె బిడ్డా?" అన్నాడు. మధ్యాహ్నానికి ఆయన తిరిగొచ్చాడు గానీ, వివరాలన్నీ నిన్నటికి వెళ్లిపోయి, ఆ పొద్దున చేరిన పన్నెండుమంది మాయమయ్యారు.

రెండోసారి తీసేయడానికి లచ్చయ్యను జంపక్క బతిమాలాల్సి వచ్చింది. చిన్న కంపెనీలో రాజ్యశ్రీ అనే అమ్మాయి ఫోనెత్తి, ఏ నిమిషంలో తీసేశారని తెలుగులోనే అడిగింది. అంతకు ముందు నిమిషం నాటి నకలు పక్కన తెరిచి, లచ్చయ్య ఒక్కణ్నే తెచ్చి యథాస్థానంలో పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది.

లచ్చయ్య తన వివరాలు చదివించుకున్నాడు. తండ్రి పేరు, గుట్ట పేరు సరిపోయాయి. వయసు డెబ్బై ఒకటి అనేసరికి తల అడ్డంగా ఊపాడు.

"నాకు యాభై ఎనిమిదే. వచ్చేటప్పుడు తొవ్వల తప్పు పడ్డట్టుంది."

ముందు నుంచీ డెబ్బై ఒకటేనని నాగలత ఎంత చెప్పినా వినలేదు.

"యాభై ఎనిమిదే రాయి బిడ్డా," అంది జంపక్క. "రెండుసార్లు పోయి వచ్చిండు."

చిన్న కంపెనీతోనే ఒప్పందం కుదిరింది. సోమవారం నాగలత ఆఫీసు తలుపు తీసేసరికి బయట తొమ్మిదిమంది ముసలోళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ముందున్న మంగమ్మ, తమను కూడా ఒకసారి తీసేసి తెమ్మని అడిగింది.