ఎడమ లైటులో ఆవిరి

చిన్న కథే, టీ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు మా టైలరు సంగతి చెప్పాలి. వాళ్ళావిడ స్కూటరేసుకుని పుట్టింటికెళ్ళింది. వారమంతా దాని లైటు పొడిగానే ఉంది. తిరిగొచ్చాక ఆయనతో మాట్లాడితే ఒట్టు. మరి బెంగపడ్డవాళ్ళ ఊపిరి, ఎవరి మీద బెంగో వాళ్ళ బండి లైటులోనే కదా ఆవిరిగా చేరేది.

అసలు కథ బ్రెడ్డు వ్యానావిడది. మొగుడు "ఇప్పుడే వస్తా" అని వెళ్ళి నాలుగేళ్ళు రాలేదు. ఆవిడ వ్యాను కొనుక్కుని, తెల్లారకముందే కొట్లకు బ్రెడ్డు వెయ్యడం మొదలుపెట్టింది. కొన్ననాటి నుంచే ఎడమ లైటు చెమర్చేది. దానికేసి చూసి నవ్వుకుని బండి తీసేది. సంబంధాలొస్తే వద్దంది. "ఇంకా తలుచుకుంటున్నాడు, వస్తాడు" అనేది.

కానీ దారి కనబడాలిగా. మెకానిక్ లైటు విప్పి, ఆరబెట్టి, అంచుకి గమ్ము పట్టించేవాడు. గుట్టు దాచుకోదలచిన ప్రతివాళ్ళ లైటూ అతను మూసిందే, ఒక్కటీ తిరిగి చెమర్చలేదు. ఈవిడది మాత్రం మర్నాటికే మసక.

"ఏంటి మేస్త్రీ, మళ్ళీ వచ్చింది."

"గమ్ము మంచిది కాదేమోనండి. రేపోసారి తీసుకురండి."

"రేపూ ఇంతేగా."

"ఇంతేననుకోండి. తీసుకురండి."

వీధంతా ఆవిడని అక్కా అంటుంది, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా. మెకానిక్ ఒక్కడే అనడు. మర్యాద తెలియదనుకున్నాం. చేతకానివాడని కూడా అనుకున్నాం, అతనికి వినబడేలాగే.

ఒక మధ్యాహ్నం మొగుడు దిగాడు. కాస్త ఒళ్ళు చేశాడు. "ఏమే, టీ పెట్టు" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున ఆయన లోపల గురక పెడుతున్నాడు. బయట ఎడమ లైటు ఎన్నడూ లేనంతగా చెమర్చి, గాజు లోపల నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ కొంగుతో తుడిచింది. ఆవిరి లోపలుంది, పోలేదు. చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ రోజు కొట్లకు బ్రెడ్డు ఆలస్యమైంది. వ్యాను నేరుగా షెడ్డుకెళ్ళింది.

"మేస్త్రీ, తప్పు గమ్ముది కాదు కదా."

అతను శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "కాదండి."

"ఈ నాలుగేళ్ళూనా?"

"అంతకుముందు మీకు బండి లేదు కదండి."

ఇప్పుడావిడ షెడ్డు మేడ మీదే ఉంటోంది. ఎడమ లైటు పొడిగా ఉంది. పోయిన నెల కుడి లైటు చెమర్చడం మొదలుపెట్టింది. ఎవరి ఊపిరో అందరికీ తెలుసు. మెకానిక్ గమ్ము పట్టించాడు. ఒక్కసారికే ఆగిపోయింది.