మిగిలిన తొమ్మిది వందల కిలోమీటర్లు

ఆ నెలంతా పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని, షాపుకి వెళ్ళేలోపు లెక్కల పుస్తకం తెరవడమే కత్తెరమ్మ పని. ఆమె అసలు పేరు వేరే. ఇరవై రెండేళ్ళు ఒకే దర్జీ షాపులో కోట్లు కత్తిరించీ కత్తిరించీ వీధి మొత్తానికీ కత్తెరమ్మ అయిపోయింది. ఇప్పుడు ఎక్కడో దూరపు నగరంలో, యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో, కటింగ్ సూపర్‌వైజర్ ఉద్యోగం దొరికింది. ఒకటో తారీఖున చేరాలి.

ఎడమ పేజీలో తీసుకెళ్ళాల్సినవి, కుడి పేజీలో అయ్యే ఖర్చు. మంచం కొట్టేసింది. కింద పడుకుంటే ప్రాణం పోదు కదా అనుకుంది. ఫ్రిజ్ కొట్టేసింది. అద్దం బీరువా కొట్టేసి, మనసొప్పక మళ్ళీ రాసి, మర్నాడు మళ్ళీ కొట్టేసింది. అమ్మ కుట్టుమిషను దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. ఇనపకాళ్ళ పాతకాలపు మిషను అది, దాన్ని రైల్లో పట్టుకుపోవడం కుదరదు, లారీయే కావాలి. గది అడ్వాన్సు, మొదటి జీతం చేతికొచ్చేదాకా తిండి ఖర్చు, అన్నీ బుద్ధిగా కుదిరేవి గానీ లారీ బాడుగ దగ్గరికొచ్చేసరికి పుస్తకం మొరాయించేది. దూరం పదమూడు వందల కిలోమీటర్లు. కత్తెరమ్మ దగ్గరున్న డబ్బుకి లారీ నాలుగు వందల కిలోమీటర్లు దాటి కదలదు.

"ఇంకెందుకు ఆలస్యం, టేపు తియ్యి," అంది గుండీల పిన్ని. అదే షాపులో గుండీలు కుట్టే మనిషి, వరసకి ఏమీ కాకపోయినా అందరికీ పిన్నే.

టేపు కత్తెరమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఆవిడా దర్జీయే. అంకెలు సగం అరిగిపోయిన మామూలు గుడ్డ టేపు. దాంతో ఒకచోట దూరాన్ని లోపలికి లాక్కోవచ్చు, లాగినంతా ఇంకోచోట వదిలెయ్యాలి. అవతలి కొస ఎవరైనా పట్టుకోవాలి, అంతే. పక్కవాటా వాళ్ళ మంచం గుమ్మంలో పట్టకపోతే నాలుగు వేళ్ళు తగ్గించి, ఆ నాలుగు వేళ్ళూ వీధి దీపం స్తంభానికి కలిపింది. స్తంభం ఇప్పటికీ కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఎవరింట్లో ఏ సామాను ఇరుక్కున్నా, "కత్తెరమ్మని పిలవండి" అనేవాళ్ళు, ప్లంబర్ని పిలిచినట్టు.

టేపు తియ్యడానికి కత్తెరమ్మకు అభ్యంతరం లేదు. లాగిన దూరాన్ని ఎక్కడ వదలాలో కూడా ఆమెకు మూడేళ్ళుగా తెలుసు.

మూడేళ్ళ కిందట వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. షాపు నుంచి బస్సులో నాలుగు స్టాపులు. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, వెంటనే రమ్మని. షాపు ఓనరు, మాస్టారు, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే అన్నాడు: "నాలుగు స్టాపులే కదా, ఆసుపత్రి ఎక్కడికి పోతుంది? ఆ ఆరు కోట్లకీ చేతులు ఎక్కించేసి వెళ్ళు. పెళ్ళివాళ్ళు కూర్చుని ఉన్నారు." ఉద్యోగం పోతుందని భయపడింది కత్తెరమ్మ. కూర్చుని పన్నెండు చేతులూ ఎక్కించింది. ఆమె వెళ్ళేసరికి నర్సు మంచం మీద దుప్పటి మారుస్తోంది. అమ్మని అప్పటికే కింద మార్చురీకి తీసుకెళ్ళిపోయారు. ఆ పన్నెండు చేతుల్లో ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. మాస్టారి మీద ఎంత కసి ఉందో తన చేతుల మీదా అంత కసి ఉండేది ఆమెకు. కానీ చేతుల్ని ఏం చేస్తుంది, కూడు పెట్టేవి అవే. అందుకని ఆ వాటా కూడా మాస్టారి ఖాతాలోనే వేసింది.

లారీ ఆఫీసులో గోడకి పెద్ద మ్యాపు ఉంది. గుమాస్తా స్టూలెక్కి కొత్త నగరం మీద టేపు కొసని బొటనవేలితో నొక్కిపెట్టాడు. కత్తెరమ్మ ఇటు నిలబడి, గౌనుకి కుచ్చు పట్టినట్టు నెమ్మదిగా లాక్కుంది. దారి నాలుగు వందల కిలోమీటర్లకి తగ్గాక ఆపింది.

"బాగానే వచ్చింది," అన్నాడు గుమాస్తా స్టూలు దిగుతూ. ఒక ఫారం తీసి ముందు పెట్టాడు. "మిగిలిన తొమ్మిది వందలూ ఎక్కడ దించుతారో ఈ గడిలో రాయండి."

"రాయకపోతే?"

"అమ్మో, రాయాల్సిందేనండీ. పోయినేడాది ఒకాయన రాయకుండా వెళ్ళిపోయాడు. ఆయన వదిలిన వంద కిలోమీటర్లూ పోయి పోయి స్కూలు రోడ్డు మీద పడ్డాయి. పిల్లల తల్లులు వచ్చి మమ్మల్ని నానా మాటలూ అన్నారు."

"ఒక్క మనిషి పేరు మీదే దించొచ్చా?"

"దించొచ్చు. ఆ మనిషి కొలతలు రాయాలి. మిగతావాళ్ళకి దారి మామూలుగానే ఉంటుంది."

"కొలతలు నాకు నోటికొచ్చు," అంది కత్తెరమ్మ. ఛాతీ నలభై రెండు, నడుము నలభై, భుజం పద్దెనిమిది. గడగడా రాసేసింది. ఎక్కణ్ణించి అన్నచోట షాపు గుమ్మం అని రాసింది. ఎక్కడికి అన్నచోట రెండే రెండు క్షణాలు ఆగి, మాస్టారి తల్లి ఇంటి గుమ్మం అని రాసింది.

ఆ ఇల్లు షాపుకి ఎదురు సందులోనే. మధ్య నలభై అడుగులు వేస్తే ఎక్కువ. సైకిలు కూడా పట్టని సందు.

గుమాస్తా ఫారం చూసి తల గోక్కున్నాడు. "అయితే ఆ పెద్దావిడ సంతకం కావాలండీ. టేపు కొస పట్టుకోవాల్సింది కూడా ఆవిడే."

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉండగా కత్తెరమ్మ సందులోకి వెళ్ళింది. దారిలో మంచి అబద్ధం ఒకటి తయారు చేసుకుంది: కిటికీలకు తెరలు కుట్టిస్తున్నారు, కొలతలకి వచ్చాను, ఇక్కడో సంతకం పెట్టండి.

పెద్దావిడ ఫారం అందుకుని, దగ్గరగా పెట్టి దూరంగా పెట్టి చూసింది. "ఈ చిన్న అక్షరాలు నాకు అలుక్కుపోతాయి. నువ్వే చదువమ్మాయ్."

ఇంతకంటే సులువైన అవకాశం ఎవరికి దొరుకుతుంది? అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అంతకంటే ముందు కోపం వచ్చేసింది. ఉన్నది ఉన్నట్టు, పేరూ కొలతలతో సహా, చదివేసింది కత్తెరమ్మ.

పెద్దావిడ ఫారం వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది: "ఆ రోజు నేను షాపు వెనకగదిలోనే ఉన్నాను. వాడన్నది విన్నాను. 'పంపించరా, తల్లి కదా' అని ఒక్క మాట అనొచ్చు. పెళ్ళివాళ్ళ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను."

ఈ సంగతి కత్తెరమ్మకు తెలియదు. ఒళ్ళు భగ్గుమంది. "అయితే మీకూ ఈ శాస్తి కావాల్సిందే," అనేసింది ముఖం మీదే.

"కావాల్సిందే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

"పెద్దమ్మగారూ, తెలిసే పెడుతున్నారా? మీకేదైనా అయితే ఆయన రాలేడు."

"ఇప్పుడేమైనా వస్తున్నాడా? ఎనిమిది నెలలైంది వాడీ గడప తొక్కి. క్యారేజీ పంపిస్తాడు, ఎవరో ఒకరి చేత. పక్కనే కదా, ఎప్పుడైనా రావొచ్చు అనుకుంటాడు." ఆవిడ సంతకం పెట్టి, లేచి గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపింది. "ఏదీ, ఆ కొస ఇలా తే."

కత్తెరమ్మ షాపు మెట్టు మీద నిలబడి వదలడం మొదలుపెట్టింది. టేపు వేళ్ళ మధ్య నుంచి సర్రున జారుతూనే ఉంది. బొటనవేలు కమిలిపోయింది. సాయంత్రానికి గానీ తొమ్మిది వందలూ అయిపోలేదు. పెద్దావిడ కుర్చీ తెప్పించుకుని కూర్చుని మరీ పట్టుకుంది.

లారీ పొద్దున బయల్దేరి మధ్యాహ్నం దాటేసరికి కొత్త నగరంలో దిగింది. మూడో అంతస్తులో ఒక గది, మిషను కిటికీ పక్కన పెట్టింది. ఫ్యాక్టరీలో నలభై మంది ఆమె గీసిన గీత మీద కోస్తారు. పుస్తకంలో రాసుకున్న లెక్క మొదటి నెల తప్పలేదు, రెండో నెల నాలుగు పైసలు మిగిలాయి కూడా. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆదివారం ఆదివారం పిన్నికి ఫోను చేసేది.

"వెళ్ళాడా?"

"ఎక్కడికి?"

"వాళ్ళమ్మ దగ్గరికి!"

"లేదే. ఊపిరాడని పనిలో ఉన్నాడు."

రెండు నెలలు, మూడు, నాలుగు. అంత కష్టపడి వేళ్ళు కమిలించుకుని వేసిన దూరం అలా ఊరికే పడి ఉంది. పగ తీర్చుకోవాలంటే అవతలివాడు కూడా కాస్త కలిసిరావాలి మరి. తల్లిని చూడ్డానికి వెళ్ళనివాణ్ణి వెళ్ళకుండా ఆపడం ఎలాగో కత్తెరమ్మకు అర్థం కాలేదు. ఆ కోపానికి ఫ్యాక్టరీలో రెండు సుద్దముక్కలు విరిగేవి రోజూ.

అయిదో నెలలో పెద్దావిడ క్యారేజీలు తిప్పి పంపడం మొదలుపెట్టింది. వారం రోజులు నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొచ్చాయి. మంచం దిగడం లేదని కబురొచ్చింది. మాస్టారు మెడలో టేపు మెడలోనే ఉంచుకుని, చెప్పులేసుకుని, "పది నిమిషాల్లో వస్తా" అని కస్టమర్లకి చెప్పి మెట్టు దిగాడు.

మూడో రోజున కత్తెరమ్మకు ఫోను చేశాడు.

"ఏం చేశావ్ నువ్వు? నడుస్తున్నా, నడుస్తూనే ఉన్నా, సందు తెగడం లేదు. పాదాలు పుండ్లయ్యాయి. ఏం చేశావ్?"

"మీ కొలతకే కుట్టాను మాస్టారూ. వదులుగా ఉందా?"

అవతల రొప్పుతున్న చప్పుడు. "అమ్మకి ఒంట్లో బాగాలేదు. నీకు దణ్ణం పెడతాను, వెనక్కి లాగెయ్యి."

"లాగాలంటే రెండో కొస పెద్దమ్మగారు పట్టుకోవాలి. వెళ్ళి అడగండి."

"ఇంకెంత దూరం ఉంది?"

"రోజుకి ముప్ఫై కిలోమీటర్లు నడిస్తే నెల," అంది కత్తెరమ్మ, "వెనక్కి తిరిగితే మూడు రోజులే. మీ ఇష్టం." ఫోను పెట్టేసి, చాలా కాలం తర్వాత హాయిగా అన్నం తింది. వెనక్కి తిరుగుతాడని ఆమెకు నమ్మకం. తిరగాలనే ఆమె కోరిక కూడా. తల్లి కంటే కోట్లే ఎక్కువని వీధి మొత్తానికీ తెలిసేలా షాపు మెట్టెక్కాలి, అప్పుడు గానీ ఆమె కడుపు చల్లబడదు.

నాలుగో రోజు రాలేదు. ఆరో రోజూ రాలేదు. కస్టమర్లు బట్టలు తీసుకుని వెళ్ళిపోయారు. షాపు అద్దెకిచ్చినాయన తాళం వేశాడు.

ముప్ఫై మూడో రోజు, ఫ్యాక్టరీ భోజనాల వేళ, పిన్ని ఫోను చేసింది. "వచ్చాడే! గడ్డం ఇంత, మనిషి సగమయ్యాడు, చెప్పుల్లేవు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. నేను అక్కడే ఉన్నా, పెద్దావిడకి తల దువ్వుతున్నా."

"ఆవిడ బతికే ఉందా?"

"శుభ్రంగా ఉంది! వాడు బయల్దేరిన మర్నాడే మంచం దిగి కూర్చుంది. వాడొచ్చి గడప మీద పడి అమ్మా అన్నాడు. ఈవిడ వాడి మొహంలోకి చూసి, ఎవరు బాబూ, దారి తప్పావా అంది. నేనమ్మా, నీ కొడుకుని అన్నాడు. మా అబ్బాయి ఎదురుగా షాపులో ఉంటాడు, పని ఎక్కువ, వాడు రాడు అంది. అని చెంబుతో నీళ్ళిచ్చింది. బాగా నడిచినట్టున్నావు, అరుగు మీద కూర్చుని పో అంది. కూర్చున్నాడు. ఇంకేం చేస్తాడు, షాపు ఇప్పుడు వాడికి నెల రోజుల దారి. పాపం, వయసు మీద పడింది కదా, కొడుకునే పోల్చుకోలేకపోయింది."

"నిన్ను పోల్చుకుందా పిన్నీ?"

"నన్నెందుకు పోల్చుకోదు? సందు మొదట్లో ఉండగానే పేరు పెట్టి పిలిచింది."

కత్తెరమ్మ పగలబడి నవ్వింది. పక్క బల్ల వాళ్ళు అన్నం మానేసి చూశారు. ఇంత బాగా తను కూడా కత్తిరించలేదు. పెద్దావిడకి మనసులోనే ఒక నమస్కారం పెట్టింది. మూడేళ్ళ కసి ఒక్కసారిగా దిగిపోయి, భుజాలు తేలికపడ్డాయి. సంతోషమే అది, ఇంకే పేరూ పెట్టి దాచుకోవాలనిపించలేదు ఆమెకు.

నవ్వు ఆగాక ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. పిన్ని ఏదో చెబుతూనే ఉంది: వాడు అరుగు ఊడుస్తున్నాడట, ఈవిడ లోపలి నుంచి, ఆ మూల ఇంకా చెత్త ఉంది బాబూ, అని చెబుతోందట. కత్తెరమ్మ వినడం మానేసింది. మాస్టారు నెల రోజులు ఆలస్యంగా వెళ్ళాడు. అయినా, ఎవరు నువ్వు అని అడగడానికైనా వాళ్ళమ్మ గుమ్మంలో ఉంది.

భోజనాల గంట అయిపోయింది. నలభై మందీ బల్లల దగ్గరికొచ్చి నిలబడ్డారు, ఆమె గీత గీస్తే కోద్దామని. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు గీయలేకపోయింది.