ఛాతీ ఇరవై ఎనిమిది

"ఏమేవ్, ఆ టేపు పట్టుకుని ఇలా రా!"

పొద్దున్నే గిన్నెలు తోముతుంటే పెరట్లోంచి మా ఆయన కేక. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, బట్టలు కుట్టే టేపుతో వెళ్లాను. మాది మాంసం కొట్టు. కొనబోయే గొర్రెపిల్లని ఆయన కదలకుండా పట్టుకుంటే, నేను ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి తోక మొదలుదాకా పొడవు తీస్తాను. ఉన్ని మోసం చేస్తుంది కాబట్టి టేపుని చర్మందాకా నొక్కాలి. ఆపైన నడుము తడిమితే కండెంతో కొవ్వెంతో వేళ్లకి తెలిసిపోతుంది. ఏడేళ్లుగా ప్రతిదానికీ కొలతలు రాసి, కోశాక తూకం పక్కనే రాసి, నాకు నేనే పట్టుకున్న విద్య ఇది.

"ఛాతీ ఇరవై ఎనిమిది అంగుళాలు. మాంసం పద్నాలుగు కిలోలొస్తుంది" అన్నాను.

కొట్లో మాత్రం ఆయన మీసం సవరించుకుంటూ, "మనకి చూపు చాలండీ" అంటారు. లోపల మాంసం కడుగుతూ వింటాను. కోపం రాదా అంటే వస్తుంది. కానీ మధ్యాహ్నం నా కంచంలోకి మెత్తటి ముక్క ఏరి వేసి, "నువ్వు లేకపోతే నేనేమైపోదునో" అంటారు. ఇంట్లోనే అంటారు ఆ మాట. "వాడి గొప్ప నీ గొప్ప కాదుటే?" అంటుంది అత్తగారు. కాబోలు అనుకుంటూనే ఏడేళ్లు గడిపేశాను.

ఆయన చూపు సంగతి గొర్రెల ఫారం డాక్టరమ్మ చెవిన పడింది. పెంపకందార్లకి చూపించమని పిలిచింది. "నువ్వూ రా. గొర్రెపిల్లని పట్టుకున్నట్టే పట్టుకుని జానతో కొలిచి, ఎన్ని కిలోలో నాకు వేళ్లతో చూపించు" అన్నారు మా ఆయన. నవ్వుకుంటూ సరేనన్నాను.

ఫారంలో నలభై మంది పోగయ్యారు, సగం ఆడవాళ్లే. అందులో ఒకామె ముందుకొచ్చింది. "బేరగాళ్లు మా గొర్రెల్ని ఇంతే, అంతే అని ముంచేస్తున్నారయ్యా. ఆ చూపు మాకెలా వస్తుంది?"

"అది పుట్టుకతో రావాలమ్మా" అన్నారు మా ఆయన.

ఆమె మొహం వాడిపోయింది. ఈలోగా ఒక గొర్రెపిల్లని తెచ్చి నిలబెడితే, పట్టుకున్నట్టే పట్టుకుని జానతో కొలిచాను. ఆయన నావైపు చూశారు. చూపించబోయిన వేళ్లు ముడుచుకున్నాను.

ఆయన గొర్రెపిల్లని ఎగాదిగా చూసి, "పదిహేను" అన్నారు.

"పన్నెండున్నర" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఉన్ని చూసి మోసపోకండి. నడుం మీద కండ లేదు."

కోసి తూచారు. పన్నెండు కిలోల ఆరువందల గ్రాములు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన తలొంచుకున్నారు. అంతలో ఆయనే తలెత్తారు.

"నాకు చూపూ లేదు, ఏమీ లేదమ్మా. కొట్లో చెప్పే లెక్కలన్నీ ఈవిడవే."

సాయంత్రందాకా ఆడవాళ్ల చేతులు పట్టుకుని కొలత నేర్పాను. ఇందాక అడిగినామె అంచనా మూడో గొర్రెకే నా లెక్కకి అరకిలో తేడాలోకి వచ్చింది. ఫారం వాళ్లిచ్చిన టేపు మెడలో వేసుకుని పిల్లదానిలా నవ్వింది.

తిరిగొచ్చే బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.

"రేపట్నుంచి కొట్టు ముందర నేను కూర్చుంటానండీ" అన్నాను.

"మరి వంటో?"

"ముక్కలు కొట్టే చేతికి ఉడకేసుకోవడం రాదా?"

ఆయన ఆలోచించి, "సరేలే, ఉప్పెంత వెయ్యాలో మాత్రం చెప్పు" అన్నారు.

"చెప్పను. చెడగొట్టుకుంటూ నేర్చుకోండి. నేనలాగే నేర్చుకున్నాను" అని ఆయన భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకున్నాను.