అన్నయ్య బిగించిన కంప్యూటర్

నా దగ్గరికి వచ్చే కంప్యూటర్లలో సగానికి ఏ జబ్బూ ఉండదు. జబ్బంతా యజమానులకే. ప్లగ్గు ఊడిందో లేదో చూసుకోకుండా ఒకాయన మొత్తం పెట్టెను భుజాన వేసుకుని మెట్లెక్కుతాడు. పిల్లి వెచ్చగా పడుకుంటోందని మురిసిపోయే ఒకావిడకు అది పడుకున్నది గాలి బయటికొచ్చే కన్నం మీదేనని తోచదు. అందరికీ ముందు చీవాట్లు పెడతాను, తర్వాత బాగుచేస్తాను. మా షాపు ఒక టైలరు కొట్టు పైన, నిలువుగా ఉన్న ఇరుకు మెట్ల చివర ఉంటుంది. నా నోటికి జడిసినా జనం ఆ మెట్లెక్కుతూనే ఉంటారు. నా చేతిలో పడ్డ యంత్రం బాగుపడకుండా కిందికి దిగదు మరి. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకోదగ్గవే చెప్పుకుంటున్నాను.

నా పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే రోగం కుదిరినా ఏ మందుకు కుదిరిందో తెలియదు.

అలాంటి నాకు సొంత మేనకోడలి కంప్యూటరు చుక్కలు చూపించింది.

మేనకోడలిని ఇంట్లో అందరం పిడుగు అంటాం. చదువు చివరి ఏడాదిలో ఉంది. కోటలు ముట్టడించే ఒక ఆట ఆడుతుంది, జట్టు జట్టుగా, ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చుని. పోటీలకు వెళ్లే ఓ పెద్ద జట్టులో ఈమధ్య ఒక చోటు ఖాళీ అయితే దీన్ని పిలిచారు. ఆ జట్టు ఆటలు చూస్తూనే ఈ పిల్ల పెరిగింది. పిలుపు వచ్చిన రోజు ఇల్లు పీకి పందిరి వేసింది. తీరా పరీక్ష కోసం ఆడించిన రెండు ఆటల్లోనూ పోరు ముదిరే సమయానికి తెర నల్లబడి, కంప్యూటరు ఆగిపోయి, దానంతటదే మళ్లీ మొదలైంది. ఇది తిరిగి వెళ్లేసరికి అక్కడ కోట కూలిపోయి ఉంది. జట్టు నాయకురాలు మొహమాటం లేని మనిషి. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆట అనీ, అందులోనూ మధ్యలో మాయమైతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ చెప్పేసింది.

ఎందుకు మాయమయ్యావని వాళ్లడిగితే, మా ఇంట్లో కరెంటు సరిగా ఉండదని పిడుగు చెప్పిందట. ఆ మాట వాళ్ల నాన్న చెవిన పడింది. వాళ్ల నాన్న, అంటే మా అన్నయ్య, వైర్‌మన్. ఇక చూడాలి ఆయన అవస్థ. మీటరు దగ్గర్నుంచి స్నానాల గది స్విచ్చు దాకా ఒక్కటి వదలకుండా విప్పి చూశాడు. ఏ లోపమూ కనబడక, పాపం విద్యుత్ శాఖను తిట్టిపోశాడు.

అన్నయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆయన వైరింగ్ చేసిన ఇంట్లో గోడ మీద వైరు కనిపించదు, బోర్డు వంకర ఉండదు. నాకు స్క్రూడ్రైవరు పట్టడం నేర్పింది ఆయనే. "ఒక వైరుతో అయ్యే పనికి రెండు లాగేవాడు వైర్‌మన్ కాదు, సాలెపురుగు" అంటాడు. పిడుగు కంప్యూటరును కూడా ఆయనే బిగించాడు. భాగాలన్నీ పిడుగే ఎంచుకుంది, ఆయన పనికి సెలవు పెట్టుకుని మరీ కూర్చుని అమర్చాడు. పెట్టెకు ఒక పక్క అద్దం. లోపల వైర్లన్నీ నున్నగా దువ్వి జడ వేసినట్టుంటాయి. ఇంటికి ఎవరొచ్చినా వాళ్లను ముందు ఆ అద్దం దగ్గరికి తీసుకెళ్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దే గాని, ఈ పిల్ల నిజంగానే అందంగా ఉంది.

నేను వరసగా మొదలుపెట్టాను. కంప్యూటరు ఎప్పుడెప్పుడు ఆగుతోందో ముందు అడిగాను. పాఠాలు చదివినా, సినిమా చూసినా, చిన్నాచితకా ఆటలాడినా నిక్షేపంగా ఉంటోంది. బరువైన ఆటలోనే ఆగుతోంది, అదీ ఒక వేళాపాళా లేకుండా. వేడెక్కుతోందేమోనని అంకెలు చూస్తూ కూర్చుంటే వేడి లేదు. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, మా వదిన ఉన్న ఇంట్లో దుమ్ముకు అడుగుపెట్టే ధైర్యం లేదు. ర్యామ్ ముక్కల్ని ఒక్కొక్కటిగా తీసి పరీక్షించాను. తెర మీద బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు తాలూకు సాఫ్ట్‌వేర్‌ను తుడిచేసి కొత్తగా వేశాను. దొంగ దొరకలేదు కాని, వీధిలో మంచివాళ్లెవరెవరో తెలిసింది.

ఇక మిగిలింది పవర్ సప్లై, పెట్టెలోని భాగాలన్నిటికీ కరెంటు పంచిపెట్టేది. నా షాపులో ఉన్నదాన్ని తెచ్చి, లోపల బిగించకుండా బల్ల మీదే పెట్టి, దాని వైర్లే లాగి తగిలించాను. పేగులు బయటపడ్డట్టుందని అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. పిడుగు సాయంత్రమంతా ఆడింది. కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. పవర్ సప్లైదే తప్పని నేను తీర్పు చెప్పేసి, కాలరెగరేసుకుని ఇంటికొచ్చాను. గ్యారంటీ ఉంది కాబట్టి అమ్మినవాళ్లు అదే రకం కొత్తది ఇచ్చారు. దాన్ని అన్నయ్యే బిగించాడు, ఆ పెట్టెలో పరాయి చెయ్యి పడితే ఆయన ఓర్చుకోలేడు. జడలాంటి ఆ పాత వైర్లనే కొత్తదానికి తగిలించాడు.

శనివారం కంప్యూటరు మళ్లీ ఆగింది.

ఫోనులో పిడుగు గొంతు వింటే నా తల తీసేసినట్టయింది. దాని చోటు సంగతి ఒక బాధ, నా తీర్పు తప్పడం ఇంకో బాధ. రెండింటిలో ఏది పెద్దదో అడక్కండి.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. వదిన డ్యూటీకి వెళ్లిపోయింది. అన్నయ్య వంటింట్లో టీ పెడుతున్నాడు. పిడుగు కుర్చీలో ముడుచుకుని కూర్చునుంది. నేను అద్దం ముందు నేల మీద చతికిలబడి, మొదటినుంచీ ఆలోచించాను. కంప్యూటరు ఆగకుండా నడిచిన ఆ సాయంత్రం నేను మార్చిందేమిటి? పవర్ సప్లై, అంతే. ఒకసారికి ఒకటే.

నిజంగా ఒకటేనా?

ఆ రోజు బల్ల మీది చిందరవందర కళ్లముందు కదిలింది. నా పవర్ సప్లై నుంచి గ్రాఫిక్స్ కార్డుకు రెండు వైర్లు వెళ్లాయి, దాని సాకెట్లు రెండు కాబట్టి దేనిది దానికి. ఇప్పుడు అద్దంలోంచి చూస్తే వెళ్తున్నది ఒకటే వైరు. దాని చివర రెండు తలలు. ఒకే వైరు రెండు సాకెట్లకూ అందేలా కంపెనీవాళ్లే అలా ఇస్తారు, చిన్న కార్డులకు సరిపోతుంది కూడా. అంటే ఆ సాయంత్రం పవర్ సప్లైతో పాటు నేను వైర్లు కూడా మార్చాను. నా పద్ధతి నేనే తప్పాను, తప్పానని కూడా తెలియకుండా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. ఇంకెవరు బిగించినా మొదటిరోజే ఆ వైరు మీద చెయ్యి వేసేదాన్ని. అన్నయ్య కట్టిన వైరు కాబట్టి నా కన్ను దాని మీద ఆగనేలేదు.

తలెత్తి చూస్తే, పిడుగు కూడా ఆ వైరునే చూస్తోంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"అనుమానం ఉంది అత్తా. ఎక్కడో చదివాను."

"మరి నోరు పెగల్లేదేం?"

అది గోళ్లు చూసుకుంది. "నాన్న సెలవు పెట్టుకుని కూర్చుని కట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపించుకుంటారు. మీ వైరింగ్ వల్లే ఆగిపోతోందని ఎలా చెప్పను? ఈ జట్టు కాకపోతే ఇంకో జట్టు దొరుకుతుందిలే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంకో జట్టట! ఈ జట్టు బొమ్మలు గోడంతా అంటించుకున్న పిల్ల అనాల్సిన మాటేనా?

తిట్టబోయి వెనక్కి తిరిగితే గుమ్మంలో అన్నయ్య ఉన్నాడు, చేతిలో టీ కప్పుల పళ్లెంతో. ఆయన ఎంత విన్నాడో ముఖమే చెప్పింది. పళ్లెం బల్ల మీద పెట్టి, కూతురి వైపు చూడకుండా వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నయ్యా, గీజరుకూ ఏసీకీ కలిపి ఒకటే లైను వేస్తావా?" అన్నాను.

"వేసినవాడి చేతులు విరగ్గొడతాను" అన్నాడు అలవాటు కొద్దీ. తర్వాత ఆయన చూపు ఆ వైరు మీద ఆగింది.

కాసేపు వాదించాడు. ఆ మందం వైరు ఆ మాత్రం కరెంటు మోస్తుందన్నాడు. అదీ నిజమేనని ఒప్పుకున్నాను. మామూలప్పుడు మోస్తుంది, కాని కోట పేలినప్పుడు ఈ కార్డు ఒక్క రెప్పపాటు ఒక్కసారిగా గుటక వేస్తుంది, రెండు తలలూ ఒకే గొంతులోంచి లాగితే వోల్టేజీ పడిపోతుంది, కంప్యూటరు ఆగిపోతుంది అని చెప్పాను. ఆయనకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు కూతురి వైపు తిరిగాడు. "నా తప్పు నాకు చెప్పడానికి భయమా నీకు?"

"భయం కాదు నాన్నా. బాధపడతారని."

"లైనులో తప్పుంటే ఇల్లు తగలబడుతుందమ్మా. నా ముఖం చూసి అందరూ ఊరుకుంటే, నేను ఎన్నిళ్లు తగలబెట్టాలి?" అన్నాడు. లేస్తూ లేస్తూ, "పైగా వైర్‌మన్ ఇంట్లో కరెంటు సరిగా ఉండదని చెబుతావా?" అని గొణిగాడు. పిడుగు ఏడవబోయి నవ్వేసింది.

జడ ముడులన్నీ ఆయనే కత్తిరించాడు. అటక మీది డబ్బాలో వాడకుండా పడి ఉన్న రెండో వైరు తెచ్చి, రెండు సాకెట్లకూ చెరొక వైరు తగిలించాడు. వెంటనే కట్టెయ్యబోతే ఆపాను. ఒకసారికి ఒకటే, ముందు ఆట కానీ అన్నాను. అద్దం వెనక ఆ కొత్త వైరు వదులుగా వేలాడుతుంటే ఆయన చేతులు ఊరుకోక జేబుల్లో దోపుకున్నాడు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. మేమిద్దరం పిడుగు వెనక నిలబడ్డాం. ఆట మాకు అర్థమై చావదు, అందుకని ఇద్దరం పెట్టె మీది చిన్న దీపాన్నే చూస్తున్నాం. బురుజు పేలింది, గోడ పేలింది. తెరంతా మంటలు లేచినప్పుడు అన్నయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. దీపం ఆరలేదు. పిడుగు ఎవరినో అదిలిస్తోంది, ఎవరినో వెనక్కి రమ్మంటోంది, ఆ గొంతులో నా నోరే వినిపించి నాకు మహా ఆనందమైంది. చివరికి వాళ్లు ఓడిపోయారు. కాని కోటలో ఆఖరిదాకా నిలబడింది పిడుగే. నాయకురాలు పొగడ్తలేమీ లేకుండా, వచ్చే ఆదివారం నుంచి సాధనకు రమ్మని చెప్పింది. పిడుగు హెడ్‌ఫోన్లు తీసి వాళ్ల నాన్నను కావలించుకుంది, తర్వాత నన్ను. ఈ వరస నేను గమనించకపోలేదు.

ఆ వెంటనే అన్నయ్య కట్టే తాళ్లు తీసుకుని అద్దం విప్పాడు. రెండు వైర్లనూ పక్కపక్కన దువ్వి, మూలగా తిప్పి, ముడి వెయ్యబోయాడు. పిడుగు వంగి చూసింది. ఏదో అనబోయి ఆగింది. నా వైపు చూసింది. నేను మరో కప్పు టీ తాగుతూ కూర్చున్నాను.

"నాన్నా, ఆ వైరు ఫ్యాను రెక్కకు తగిలేలా ఉంది" అంది.

అన్నయ్య చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు.

"ఎక్కడ? చూపించు" అంటూ టార్చి దాని చేతికిచ్చి పక్కకు జరిగాడు.