ప్లగ్గు రంగు

బుడాన్‌కు పండు మిరపకాయా పచ్చి మిరపకాయా ఒకటే రంగు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టిన మనిషికి ఇంతకు మించిన తలవంపు ఇంకొకటి లేదు.

పన్నెండేళ్ళప్పుడు తండ్రి హయాత్ అతన్ని కౌలు చేనులో కాయ కోతకు దించాడు. పండుకాయలు మాత్రమే కోయాలి. బుడాన్ కోసిన గంపలో సగం పచ్చివే వచ్చాయి. పండినవి చెట్ల మీద అలాగే వేలాడుతున్నాయి. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని హయాత్ మెడ మీద ఒకటి వేశాడు. మర్నాడూ అదే పని, అదే దెబ్బ. మూడోనాడు చర్నాకోల తీశాడు. పిల్లవాడు చాకిరీ తప్పించుకోవడానికి కావాలనే చేస్తున్నాడని ఆయన నమ్మకం. వారం తిరక్కుండా దర్శి తీసుకొచ్చి మోటారుసైకిల్ షెడ్డులో పడేసి, తిరిగి చూడకుండా బస్సెక్కాడు. ఆయన పోయినప్పుడు బుడాన్ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాడు. ఏడవలేదు.

ఇనుముకు రంగుతో పని లేదు. అరిగింది వేలికి తెలుస్తుంది, వదులైంది చెవికి తెలుస్తుంది. పాతికేళ్ళు నిండేసరికి బుడాన్‌కు దర్శిలోనే సొంత షెడ్డు ఏర్పడింది. బండి వంద గజాల అవతల ఉండగానే దానికి ఏం రోగమో చెప్పేవాడు. ఒక్క స్పార్కు ప్లగ్గు దగ్గరే దొరికిపోయేవాడు. గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ సరిగా కుదిరిందో లేదో ప్లగ్గు చెబుతుంది. దాని కొసన ఉన్న పింగాణీ తెల్లబడితే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని. నల్లబడితే ఎక్కువైందని. మాగిన పొగాకు రంగులోకి వస్తే సరిపోయిందని. తెలుపూ నలుపూ బుడాన్‌కు తెలుసు. బండి బతుకంతా ఆ రెంటి మధ్య ఉంటుంది. అదే తెలియదు.

కనిపెట్టింది జోహరాబీ. ఆమె పొగాకు గ్రేడింగ్ షెడ్డులో పనిచేసేది. ఆకును చేతిలోకి తీసుకుని, రంగు చూసి, ఏ రకానిది ఆ కుప్పలో, వాళ్ళ మాటలో మండెలో, వేయడం ఆమె పని. పెళ్ళయిన రెండో నెలలో అన్నం క్యారియర్ తీసుకుని వచ్చేసరికి బుడాన్ ఎవరికో ప్లగ్గు చూపించి "సరిపోయింది, తీసుకెళ్ళు" అంటున్నాడు. ఆమె తొంగి చూసింది.

"ఇదేం సరి? ఇట్టాంటి ఆకు వేస్తే మా మేస్త్రి మొహాన కొడుద్ది."

బుడాన్ కసిరి పంపేశాడు. ఆ సాయంత్రం ఆమె పళ్ళెంలో రెండు మిరపకాయలు పెట్టి ముందుకు తోసింది. "పండుది తియ్యి." తీయలేకపోయాడు. పళ్ళెం ఎత్తి గోడకు కొడదామనుకున్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ కాపురం అక్కడితో అయిపోయేది.

"ఎవరికన్నా చెప్పావంటే ఊరుకోను."

"చెప్పుకోవడానికి ఇదేమన్నా ఘనకార్యమా? ప్లగ్గులన్నీ మధ్యాన్నం దాకా ఆపిపెట్టు. నేనొచ్చి చూస్తా."

అంతే. తర్వాత పద్నాలుగేళ్ళు అలాగే గడిచింది.

తొంభైల చివర దర్శి కుర్రాళ్ళకు సైలెన్సర్ పిచ్చి పట్టింది. కంపెనీ సైలెన్సర్ పీకేసి, నడుమ పొట్ట ఉబ్బినవి గుంటూరు నుంచి తెచ్చి బిగించేవాళ్ళు. చప్పుడు ఊరి పొలిమేర దాకా వినిపించేది. అయితే పొగ తేలిగ్గా బయటికి పోయేకొద్దీ ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే వేడెక్కి, పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. పరుగెత్తుతున్న బండికి వెనక చక్రం కొయ్యబారిపోతుంది. అందుకని కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ మార్చాలి, సూది ఎత్తాలి, గాలి స్క్రూ తిప్పాలి. బండిని నిండు వేగంతో లాగి, ఆ వేగంలోనే క్లచ్ పట్టి ఇంజను ఆపేసి, ప్లగ్గు ఊడదీసి చూడాలి. చాలకపోతే మళ్ళీ మార్చాలి.

ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు జోహరాబీ వచ్చేది. షెడ్డు వెనక రేకుల కింద కూర్చుని, క్యారియర్ మూత మీద ప్లగ్గులు వరసగా పేర్చుకుని, పొగాకు రకాల పేర్లతో చెప్పేది. "ఇది నిమ్మ. ఇది కాలిన ఆకు. ఇది నారింజ, రంగు ఇంకొంచెం దిగాలి. ఇదిగో, ఇది మొదటి రకం, ముద్దు పెట్టుకో." అతను వింటూ అన్నం తినేవాడు. ఆమె చేతులకు పొగాకు జిగురు, అతని చేతులకు పెట్రోలు. సబ్బుకు రెండూ వదిలేవి కావు. ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా ఆ రెండు వాసనలే. "బుడాన్ చెయ్యి పడితే బండి పాట పాడుద్ది" అని వినుకొండ నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ పాట ఎవరిదో బుడాన్‌కు తెలుసు. ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

రెండు వేల రెండులో జోహరాబీ దగ్గి దగ్గి పోయింది. ఊపిరితిత్తుల నిండా దుమ్మే అన్నారు. బుడాన్‌కు దోషిని వెతుక్కోనక్కర్లేకపోయింది. పొగాకు షెడ్డు మేస్త్రి వెంకటరావమ్మ. దగ్గుతున్న మనిషిని ఆ దుమ్ములో కూర్చోబెట్టి చంపింది. మట్టి ఇచ్చిన రోజు ఆమె వస్తే, "గడప తొక్కొద్దు" అన్నాడు అందరి ముందూ. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ మాట లేదు.

తర్వాత బుడాన్ చెవితోనే పని నడిపాడు. నడిచినంత కాలం నడిచింది. అలా చెవితో కుదిర్చిన బండి మీద మాలిక్ అనే అరటిపళ్ళ వ్యాపారి వినుకొండ రోడ్డులో పోతుంటే పిస్టన్ పట్టేసింది. భుజం ఎముక విరిగింది. "ఆయిల్ తక్కువ పోసుంటాడు" అన్నాడు బుడాన్. మాలిక్ నమ్మాడు. బుడాన్ నమ్మలేదు. అప్పటి నుంచి సైలెన్సర్ మార్చిన బండి వస్తే ముట్టుకోవడం మానేశాడు.

రెండు వేల నాలుగు మార్చిలో, ఎండ దిగుతున్న వేళ, వెంకటరావమ్మ కొడుకు వీరబాబు అలాంటి బండినే తోసుకుంటూ వచ్చాడు. వెనకాల చెంగు నెత్తిన వేసుకుని తల్లి. షెడ్డులోకి రాకుండా రోడ్డవతల నీడలో నిలబడింది.

"బాబాయ్, ఊళ్ళోకి రాగానే ఆగిపోయింది. ఎక్సలేటర్ ఇస్తే ఎత్తుకోదు, వదిలితే టపటపా పేలుద్ది."

"ఎక్కడ కట్టించావ్ ఈ బాజా?"

"గుంటూరులో."

"అయితే గుంటూరే పో."

"అమ్మను ఇంటికి తీసుకుపోవాలి బాబాయ్. కురిచేడు అవతల దాకా పోవాలి."

"పాత సైలెన్సర్ ఏది? అదే బిగించి పంపిస్తా."

"దీనికి మారుగా ఇచ్చేశా."

"బుర్ర కూడా ఇచ్చి రావాల్సింది."

రోడ్డవతల వెంకటరావమ్మ దగ్గింది. వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి చాలాసేపు దగ్గింది. బుడాన్‌కు ఆ దగ్గు కొత్త కాదు. తగిన శాస్తి అనుకున్నాడు.

"నడపగా నడపగా అదే సర్దుకుంటదంటగా?" అన్నాడు వీరబాబు.

"ఎవడన్నాడు?"

"సైలెన్సర్ అమ్మినోడు."

"సర్దుకుంటది. పిస్టన్ పట్టేశాక ఇంక కదిలేదేముంది?"

వీరబాబు మొహం ముడుచుకుని బండి కిక్కు కొట్టాడు. నాలుగో కిక్కుకు అంటుకుంది. తల్లిని రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె వచ్చి, కొడుకు భుజం పట్టుకుని వెనక ఎక్కింది. ఇంజను పొడిగా, గొంతెండినదానిలా అరుస్తోంది. ఆ గొంతు బుడాన్‌కు తెలుసు. మాలిక్ బండి కూడా ముందు రోజు ఇలాగే అరిచింది. ఇవాళ దీని మీద ఇద్దరున్నారు. ఒకరంటే అతనికి గిట్టదు. గిట్టదని రోడ్డు మీద పడేయలేడు కదా.

"ఒరేయ్, ఆపు. మీ అమ్మను దిగమను."

ఆమె దిగి మళ్ళీ రోడ్డవతలి నీడలోకి వెళ్ళింది. బుడాన్ గంటసేపు పనిచేశాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. సూదిని ఒక గాడి పైకెత్తాడు, పెట్రోలు ఎక్కువ వచ్చేలా జెట్ ఒక నంబరు పెంచాడు. గాలి స్క్రూ తిప్పుతూ, తల పక్కకు వంచి విన్నాడు. ఆగి ఉన్న బండి వరకు చెవి చాలు. రోడ్డు మీదికి తీసుకుపోయి నిండుగా లాగి, ఇంజను ఆపి, తోసుకుంటూ వచ్చి ప్లగ్గు తీశాడు. అరచేతిలో కాలుతున్న ప్లగ్గు. పింగాణీ ఏదో రంగులో ఉంది.

"ఇట్రారా. ఏ రంగులో ఉందో చూసి చెప్పు, నేర్చుకుంటావు."

వీరబాబు వంగి చూశాడు. "మట్టి రంగు బాబాయ్."

"ఏ మట్టి?"

"మట్టి మట్టే గదా!"

బుడాన్ ముప్పై ఏళ్ళుగా దాచిన గుట్టు. ఎవరికైనా చెప్పవచ్చు, రోడ్డవతల ఉన్న ఈమెకు తప్ప. ఈ రంగు ఇక్కడ ఎవరికీ తెలియదు, ఈమె కంటికి తప్ప. రోడ్డు దాటి వెళ్ళి చెయ్యి చాచాడు.

"ఇది ఏ రకం?"

వెంకటరావమ్మ ప్లగ్గు చూడలేదు, అతని మొహం చూసింది. "నన్నా అడిగేది?"

"నిన్ను కాదు. నీ కన్నును."

"నీ కళ్ళేమైనయ్?"

"ఎరుపూ పచ్చా తెలీవు నాకు. పుట్టినకాడ్నించీ అంతే."

వెనకే వచ్చిన వీరబాబు ఫక్కున నవ్వాడు. "మిరపపండు ఎరుపు కూడా తెలీదా బాబాయ్?"

"నోర్ముయ్" అంది తల్లి. ఆమె చూపు అప్పుడు ప్లగ్గు మీదికి దిగింది. "ఓసి నీ... అందుకా జోహరా మధ్యాన్నం గంట కొట్టగానే పరిగెత్తేది! మొగుడి మొహం చూడందే ముద్ద దిగదని షెడ్డంతా ఆడిపోసుకునేవాళ్ళం." ప్లగ్గును వెలుతురుకు తిప్పింది. "పాలిపోయింది. ఎండకు తెల్లబారిన ఆకు."

బుడాన్ జెట్ ఇంకో నంబరు పెంచాడు. మళ్ళీ వెళ్ళి వచ్చాడు.

"ఇప్పుడు నిమ్మ. ఇంకా దిగాలి."

అతను ప్లగ్గు తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"బుడానూ, ఒక మాట. మానెయ్యమని దానికి రెండుసార్లు చెప్పా. దగ్గు మొదలైన ఏడు ఒకసారి, ఆ పైయేడు ఒకసారి. 'ఒక్క సీజను మానితే కన్ను మొద్దుబారుద్దక్కా' అంది. మొద్దుబారితే నీకేమే, సంపాదించే మొగుడున్నాడుగా అన్నా. నవ్వింది. ఆ కన్ను దానికెందుకో నాకు ఇయ్యాళ తెలిసింది."

"చచ్చినదాని మీదికి తోస్తున్నావా?"

"తోసి నేనేం బాగుపడ్డా? ఇదుగో, చూస్తున్నావుగా నా సంగతి." మళ్ళీ దగ్గు అందుకుంది.

బుడాన్ ప్లగ్గు లాక్కున్నాడు. ఇంకో జెట్ బిగించి బండెక్కాడు. ఈసారి కురిచేడు రోడ్డు మీద చాలా దూరం పోయాడు. రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చూసేవాళ్ళకు ఎర్ర తివాచీలట. అతనికి తడి మట్టి. జోహరాబీ ఒకసారి అతని వెనక కూర్చుని ఈ దారిన వస్తూ, అదెలా ఉంటుందో చెప్పబోయింది. "నాకెందుకు" అన్నాడు. ఆమె ఊరుకుంది. చెప్పనిచ్చి ఉంటే ఏం పోయేది? బండి ఎక్కడా తడబడలేదు. ఏ చెట్టు దగ్గర వెనక్కి తిప్పాడో కూడా గుర్తులేదు.

షెడ్డు ముందు ఆగి, ప్లగ్గు పానా అందుకున్నాక గాని తెలియలేదు. మెల్లగా నడుపుకుంటూ వచ్చేశాడు. నిండు వేగంలో ఇంజను ఆపితేనే ప్లగ్గు నిజం చెబుతుంది. ఇప్పుడది పనికిరాదు. పనిలో చేరిన కొత్తలో కూడా ఈ తప్పు చేయలేదు.

"ఏమైంది?" అన్నాడు వీరబాబు.

"ఆపడం మర్చిపోయా."

ఎవరూ నవ్వలేదు. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఆపాడు. తోసుకుంటూ వచ్చి, ప్లగ్గు తీసి, ఆమె చేతిలో పెట్టాడు. వెంకటరావమ్మ గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదీ. జోహరా అయితే మొదటి మండెలో వేసేది."

బుడాన్ ప్లగ్గు బిగించాడు. "వారం రోజులు మెల్లగా పోనీ" అన్నాడు వీరబాబుతో.

"వస్తానయ్యా" అంది వెంకటరావమ్మ.

అతను పానా తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఐదోనాడు ఇంకో కుర్రాడు కొత్త సైలెన్సర్ బండితో వచ్చాడు. పొమ్మంటాడేమో అన్నట్టు గుమ్మంలోనే ఆగాడు. బుడాన్ పొమ్మనలేదు. జెట్ మార్చి, రోడ్డు మీద లాగి వచ్చి, ప్లగ్గు ఊడదీసి పాత దినపత్రిక ముక్కలో చుట్టాడు. కురిచేడు వైపు ఆటో నడిపే అష్రఫ్‌ను పిలిచి, వెంకటరావమ్మకు ఇమ్మన్నాడు.

"ఏమని చెప్పను?"

"ఏమీ చెప్పొద్దు."

మాట్లాడటం వేరు, ప్లగ్గు పంపడం వేరు. పొద్దు వాలాక ఆటో తిరిగొచ్చింది. పొట్లం విప్పితే ప్లగ్గుతో పాటు ఒక చీటీ ఉంది, వీరబాబు వంకర రాతతో. "నిమ్మ. ఒక నంబరు పెంచమంటుంది."

బుడాన్ జెట్ల డబ్బా మూత తీశాడు.