పేరు కలవని జమ

నైజీరియాలోని ఇబాదాన్‌లో క్రిప్టో నాణేలు కొని అమ్మేవాళ్లకు ఒకటే కట్టుబాటు. బేరమాడినవాడి పేరూ, డబ్బు పంపిన ఖాతా పేరూ కలవకపోతే నాణేలు వదలకూడదు. మొరెనికే ఒక్కసారి వదిలింది. "మా ఆవిడ ఖాతా నుంచి వేశానక్కా" అన్నాడు అవతలివాడు. పెళ్లాం ఖాతా వాడుకోని మొగుడు ఊళ్లో ఎవడున్నాడు గనక! నమ్మింది.

ఆ ఖాతా రిసికత్ అనే ముసలావిడది. ఫోన్లో మాటల్లో పెట్టి ఆవిడ డబ్బు మొరెనికే ఖాతాలో వేయించినవాడు నాణేలతో మాయమయ్యాడు. బ్యాంకు మొరెనికే ఖాతాకు తాళం వేసింది. డబ్బు పోతే మళ్లీ వస్తుంది, మంచి పేరు పోతే రాదు. అప్పటినుంచీ ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు. పెండలం పిండితో చేసిన అమలా ముద్ద గొంతు దిగుతోంది, రుచి తెలియడం లేదు.

బ్యాంకు అధికారి ఎజికే కుర్చీ చూపించాడు.

"అసలు ఆ నాణేల వ్యాపారమే దొంగల సంత. కాదంటావా?"

"కాదంటాను సార్. లంచాలు నైరా నోట్లతో తీసుకోవట్లేదా? నోటుని దొంగ అంటున్నారా? విదేశీ సరుకు తెప్పించుకునేవాళ్లకి మీరు డాలర్లు ఇవ్వకపోతేనేగా మా దగ్గరికొస్తున్నారు!"

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారమ్మా." కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెడితే, అదిగో బయట కూర్చుందే, ఆవిడ డబ్బు ఆవిడకి వెళ్తుంది, నీ ఖాతా తెరుచుకుంటుంది. లేదా కోర్టుకెళ్లి నీ తప్పు లేదని నిరూపించుకో."

"పెడితే తప్పు ఒప్పుకున్నట్టేగా?"

"బ్యాంకు అలా అనదు. జనం సంగతి నాకు తెలీదు."

అద్దంలోంచి బయట బల్ల మీద రిసికత్ కనిపిస్తోంది. అరిగిన చెప్పులు విప్పి, కాళ్లు పిసుక్కుంటోంది. మొరెనికే సంతకం పెట్టేసింది. బాధ కలుగుతుందేమోనని చూసుకుంది, కలగలేదు.

ఎజికే ముందు వెళ్లి రిసికత్‌కి సంగతి చెప్పాడు. మొరెనికే బయటికొచ్చి, పెద్దావిడ కదా అని అలవాటుగా ఆవిడ ముందు మోకాళ్ల మీద వంగింది. "దండాలమ్మా."

రిసికత్ ఆమె తల మీద చెయ్యేసింది. "డబ్బు నువ్వే తిరిగిచ్చావటగా. ఏ అవసరం నీ చేత ఆ దొంగతనం చేయించిందో బిడ్డా. నేను మనసులో పెట్టుకోను. దేవుడు నిన్ను క్షమించాలి. మళ్లీ ఆ దారి తొక్కనివ్వకూడదు."

"నేను కాదమ్మా" అనబోయింది మొరెనికే. ఈలోగా వరసలో నిలబడ్డవాళ్లంతా "ఆమీన్" అనేశారు. పెద్దలు ప్రార్థన చేస్తే ఆమీన్ అనకుండా ఉండటం ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు చేతకాదు. ఆవిడ చెయ్యి ఇంకా తల మీదే ఉంది, ఎదురుచూస్తోంది.

"ఆమీన్" అంది మొరెనికే.